తోటతోపాటు పేట: బాగే ఆమ్ నడక

హైదరాబాద్ నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ పాత పేరు బాగే ఆమ్. బాగ్ అంటే తోట, ఆమ్ అంటే అందరిదీ. నాలుగో నిజాం నాసిరుద్దౌలా ఏలుబడిలో, 1846లో వేసిన తోట ఇది. అప్పటికి అసలు నగరమంతా మూసీకి దక్షిణాన, చార్మినార్ చుట్టూ ఉండేది. తర్వాత ఊరు నది దాటి పెరిగి పెరిగి తోటను తన మధ్యకు లాక్కుంది. ఇప్పుడు దాని చుట్టూ శాసనసభ, రైల్వే స్టేషను, ఆసుపత్రులు, కాలేజీలు, మెట్రో స్తంభాలు.

రోజూ వేలమంది దీని పక్కనుంచి పోతుంటారు. లోపలికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది మ్యూజియంలో మమ్మీని చూసి, పచ్చికలో కాసేపు కూర్చుని, గంటలో బయటపడతారు. ఇంటికి చేరాక ‘ఏం చూశారు?’ అని ఎవరైనా అడిగితే ‘మమ్మీ’ అన్న ఒక్క మాటే నోట వస్తుంది. పార్కును పార్కులాగా, మ్యూజియాన్ని మ్యూజియంలాగా విడివిడిగా చూసి, పక్కనున్న పేటను అసలు చూడకుండా రావడం వల్ల జరిగే నష్టం ఇది. ఆ ముక్కలను అతికించి చూసే పద్ధతి ఈ అధ్యాయంలోని విషయం. బాగే ఆమ్ ఇక్కడ ఉదాహరణ మాత్రమే. పద్ధతి ఒకసారి పట్టుబడితే బెంగళూరు కబ్బన్ పార్కుకైనా, సొంత ఊళ్లోని మున్సిపల్ పార్కుకైనా అదే పనికొస్తుంది.

ఒక్క ప్రశ్నతో బయలుదేరడం

చారిత్రక ప్రదేశానికి వెళ్లేముందు పుస్తకాలు తిరగేసి తేదీలన్నీ బట్టీపట్టడం చాలామంది చేసే పని. గేటు దాటేసరికి సగం మరచిపోతారు. తేదీల బదులు ఒక ప్రశ్న వెంట ఉంటే చాలు: ‘ఇదివరకు ఇక్కడ ఏముండేది, అది ఎక్కడికి పోయింది?’

బాగే ఆమ్‌లో ఈ ప్రశ్నకు జవాబులు అడుగడుగునా దొరుకుతాయి. హైదరాబాద్ జంతుప్రదర్శనశాల ఒకప్పుడు ఈ తోటలోనే ఉండేది. మీరాలం చెరువు పక్కన నెహ్రూ జూలాజికల్ పార్కు 1963లో తెరిచాక జంతువులు అక్కడికి తరలిపోయాయి. ఏటా జనవరిలో నగరమంతా ఎదురుచూసే నుమాయిష్ అనే ప్రదర్శన కూడా 1938లో ఇక్కడే మొదలైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘం వారు హైదరాబాద్ రాజ్యంలో ఆర్థిక సర్వే చేయించాలనుకున్నారు. దానికి కావలసిన డబ్బు కూడబెట్టడానికి స్వదేశీ వస్తువుల ప్రదర్శన పెట్టారు. జనం పెరిగి తోట ఇరుకైపోవడంతో 1946లో అది దగ్గర్లోని ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. పౌరుల సభల కోసం కట్టిన టౌన్‌హాలు శాసనసభ అయింది. రాజకుటుంబం కోసం కట్టిన భవనం మ్యూజియం అయింది.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఈ తోట నగరంలోని ఎన్నో సంస్థలకు పుట్టిల్లు. ఇక్కడ పుట్టి, కాస్త పెరిగి, చోటు చాలక కొన్ని అత్తవారింటికి వెళ్లాయి. కొన్ని పుట్టింట్లోనే స్థిరపడి పేరు మార్చుకున్నాయి. నగరం మధ్య ఖాళీ జాగా ఉంటే ఇలాగే జరుగుతుంది. సభకూ, సంతకూ, ప్రార్థనకూ, పండగకూ ముందుగా గుర్తొచ్చేది అదే. తోటను ఈ కంటితో చూసినవారికి ప్రతి గోడ వెనకా ఒక కథ కనిపిస్తుంది.

రోజు, వేళ ఎంచుకోవడం

ఈ ప్రయాణంలో ఎక్కువమంది పొరబడేది రోజు విషయంలోనే. ప్రభుత్వ మ్యూజియానికి వారాంతపు సెలవు శుక్రవారం. మామూలుగా ఆదివారమో సోమవారమో సెలవనుకునేవాళ్లు శుక్రవారం వచ్చి తాళం చూసి వెనుదిరుగుతారు. పైగా అదే రోజు మధ్యాహ్నం తోటలోని షాహీ మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి ఆ వైపంతా రద్దీ. కనుక చూడటానికి వచ్చేవారు శుక్రవారాన్ని వదిలేయడమే మేలు. ప్రభుత్వ సెలవు దినాల్లో కూడా మ్యూజియం మూసే ఉంటుంది. బయలుదేరే ముందు ఒకసారి కనుక్కోవాలి.

శాసనసభ సమావేశాలు జరిగే రోజుల్లో చుట్టుపక్కల దారుల మీద పోలీసు ఆంక్షలుంటాయి. ఆ వారాల్లో కారులో రావడం తలనొప్పి. 2019 నుంచి కొన్నేళ్లు రాష్ట్ర అవతరణ దినోత్సవం ఇక్కడే జరిగింది. సెప్టెంబరు 17న కూడా ప్రభుత్వం ఈ తోటలో జెండా ఎగరేసిన సందర్భాలున్నాయి. అలాంటి వేడుకలకు ముందు రోజుల్లో పందిళ్లు, బారికేడ్లు లేచి నడిచేవాళ్లకు దారి తగ్గిపోతుంది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ కాలం. ఆ 46 రోజుల్లో సాయంత్రం నాంపల్లి రోడ్లు నిండిపోతాయి. నుమాయిష్ కూడా చూడాలనుకునేవారికి అదే సరైన కాలం. తోటను ప్రశాంతంగా చూడాలనుకునేవారికి కాదు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు హైదరాబాద్ వాతావరణం నడకకు అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో పది దాటితే ఎండ మాడ్చేస్తుంది. వేసవిలో తప్పనిసరైతే పొద్దున్నే తోటలో నడిచి, ఎండ ముదిరే వేళకు మ్యూజియం నీడలోకి చేరుకునేలా చూసుకోవాలి. మ్యూజియం తెరిచేది పదీ పదిన్నర ప్రాంతంలో కాబట్టి ఈ క్రమం ఏ కాలంలోనైనా బాగానే కుదురుతుంది: ఉదయం బయట, మధ్యాహ్నం లోపల, సాయంత్రం పేటలో.

చేరుకోవడం

మెట్రో రెడ్ లైన్ మీద అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా 2018 సెప్టెంబరులో రైళ్లు నడవడం మొదలయ్యాక ఈ ప్రాంతానికి రావడం చాలా తేలికైంది. లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్, ఈ నాలుగు స్టేషన్లూ వరసగా ఉంటాయి. తోట వీటి మధ్యన పడుతుంది. బయటి ఊళ్ల నుంచి నాంపల్లి స్టేషన్లో రైలు దిగేవారికి తోట నడక దూరమే. ఎంఎంటీఎస్‌లో వచ్చేవారికి లక్డీకాపూల్, నాంపల్లి రెండూ వీలుగానే ఉంటాయి.

అసెంబ్లీ స్టేషన్లో దిగి గాంధీభవన్ స్టేషన్లో ఎక్కడం అన్నిటికంటే మంచి పద్ధతి. వచ్చిన దారినే వెనక్కి పోయే పని ఉండదు. రాజకీయాల గడప నుంచి బజారు గడప దాకా నగరం తనంతట తానే మారుతూ కనిపిస్తుంది. కారులో వచ్చినవారు దాన్ని పెట్టిన చోటికే తిరిగి రావాలి కాబట్టి ఈ సౌకర్యం పోతుంది.

తోటకు ముందు ఒక స్తూపం

అసెంబ్లీ మెట్రో దగ్గర దిగగానే తోటలోకి తొందరపడకూడదు. శాసనసభకు ఎదురుగా గన్‌పార్క్ ఉంది. 1969 నాటి తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు కోల్పోయినవారి స్మృతికి శిల్పి ఎక్కా యాదగిరిరావు రూపుదిద్దిన అమరవీరుల స్తూపం ఇక్కడే నిలబడింది. 1970లో శంకుస్థాపన జరిగి 1975కు పూర్తయిన ఈ స్తూపం నిట్టనిలువు స్తంభంగా లేచి పైన తెల్లని పువ్వులా విచ్చుకుంటుంది. ఏటా జూన్ 2న ముఖ్యమంత్రి ఇక్కడ నివాళి అర్పించాకే అవతరణ వేడుకలకు వెళ్లడం ఆనవాయితీ. దీక్షలకు, నిరసనలకు బయలుదేరేవాళ్లు ముందు వచ్చి నిలబడేది కూడా ఇక్కడే. ఈ చిన్న స్థలంలో అయిదు నిమిషాలు నిలబడితే, రోడ్డుకు అవతలనున్న తెల్ల గుమ్మటాల భవనాన్ని చూసే చూపు మారుతుంది.

ఆ భవనమే శాసనసభ. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా టౌన్‌హాలు కట్టాలని సంకల్పించి 1905లో పునాది వేశారు. 1913లో పని పూర్తయింది. ఆ మధ్యలో 1908లో మూసీ వరద నగరాన్ని ముంచింది. 1911లో మహబూబ్ అలీఖాన్ కన్నుమూశారు. ఎవరి పుట్టినరోజు కోసం మొదలుపెట్టారో ఆయన చూడకుండానే భవనం లేచి నిలబడింది. ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మూడు రాష్ట్రాల శాసనసభ్యులు ఇందులో కూర్చున్నారు. సామాన్య సందర్శకులకు పాసు లేకుండా ప్రవేశం ఉండదు. బయటినుంచి చూసేటప్పుడు కూడా గేట్ల దగ్గర, భద్రతా సిబ్బంది దగ్గర ఫోటోలు తీయబోయి మాటపడకుండా ఉండటం మంచిది.

తోట లోపల

తోటలోకి అడుగుపెట్టగానే ఫోన్ తీయకుండా పది నిమిషాలు ఊరికే నడవడం మొదటి పాఠం. పొద్దున వచ్చేవాళ్లకు వాకర్లు కనిపిస్తారు, యోగా చేసేవాళ్లు, చెట్టు కింద పేపరు పరుచుకుని రాజకీయాలు తేల్చేసే పెద్దలు కనిపిస్తారు. మధ్యాహ్నం చూస్తే నిలోఫర్ ఆసుపత్రిలోనో, పక్కనే ఉన్న క్యాన్సర్ ఆసుపత్రిలోనో రోగిని చేర్పించి, నీడ కోసం ఇక్కడికి వచ్చిన పల్లెటూరి కుటుంబాలు టిఫిన్ డబ్బాలు విప్పుకుని ఉంటాయి. ‘ఆమ్’ అన్న మాటకు అసలైన అర్థం ఈ మనుషుల్లోనే ఉంది. భవనాల చరిత్ర మొదలుపెట్టకముందే వీళ్లను గమనించాలి.

తర్వాత తోటను పటంలాగా మనసులో గీసుకోవడం. మ్యూజియం, జూబ్లీ హాలు, షాహీ మసీదు, జవహర్ బాలభవన్, ఇందిరా ప్రియదర్శిని ఆడిటోరియం, ఆరుబయలు రంగస్థలమైన లలిత కళాతోరణం, ఈ ఆరూ ఎక్కడెక్కడున్నాయో చూసుకుంటే చాలు. వీటి మధ్య మిగిలిన పచ్చదనమే ఇప్పటి తోట. ఒక్కో భవనం వచ్చినప్పుడల్లా తోట కొంత తగ్గిందన్న సంగతి ఆ పటంలోనే బయటపడుతుంది. దీన్ని లాభమనాలో నష్టమనాలో వెంటనే తేల్చనక్కర్లేదు. బాలభవన్‌లో పాటా నాట్యమూ బొమ్మలూ నేర్చుకున్న పిల్లలకూ, లలిత కళాతోరణంలో రాత్రిపూట చలిలో దుప్పటి కప్పుకుని నాటకం చూసినవాళ్లకూ ఆ కట్టడాలే తోట జ్ఞాపకం.

జూబ్లీ హాలుకు పేరు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రజతోత్సవం నుంచి వచ్చింది. ఆయన గద్దెనెక్కింది 1911లో. పాతికేళ్లు 1936కే నిండాయి. ఆ ఏడాది జనవరిలో బ్రిటన్ రాజు అయిదో జార్జి మరణించడంతో వేడుకలు 1937కు వాయిదా పడ్డాయి. ఆ సందర్భంగా వచ్చిన కానుకలు ఇప్పుడు పాతబస్తీలో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉన్నాయి. జూబ్లీ హాలు చూసినవారికి ఆ మ్యూజియం ఇంకో రోజు ప్రయాణానికి మంచి కొనసాగింపు.

షాహీ మసీదును 1924లో ఏడో నిజాం కట్టించారు. శుక్రవారం నమాజుకు ఆయన స్వయంగా ఇక్కడికి వచ్చేవారని నగరంలో చెప్పుకుంటారు. నమాజు వేళలు కాని సమయంలో, చెప్పులు బయట విడిచి, నిండుగా బట్టలు కట్టుకుని, అక్కడున్నవారిని అడిగి లోపలికి వెళ్లాలి. ప్రార్థన చేసుకుంటున్నవారి ముందునుంచి నడవకూడదు. వాళ్ల ఫోటోలు తీయకూడదు. మతం ఏదైనా, ప్రార్థనా స్థలంలో అతిథి ఎలా మెలగాలో ఈ రెండు నియమాల్లోనే ఉంది.

మ్యూజియంలో మూడు చోట్ల ఆగడం

ఎర్రమంజిల్ మీదుగా, చార్మినార్ మీదుగా నగరం చుట్టి అలసిపోయాక చివరిగా మ్యూజియంలోకి వచ్చేవాళ్లు గదులన్నీ అరగంటలో దాటేస్తారు. ఒక్కో అద్దాల బీరువా ముందు మూడు సెకన్లు కూడా ఆగరు. దీనికి విరుగుడు, ముందే మూడు చోట్లు ఎంచుకుని వాటి దగ్గర తీరిగ్గా ఆగడం. మిగతావి దారిలో కంటపడితే సరే.

మొదటిది మమ్మీ. 1920లో కట్టిన ఈ భవనం 1930లో మ్యూజియంగా మారింది. అదే కాలంలో ఈజిప్టు మమ్మీ ఇక్కడికి చేరింది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920లో వెయ్యి పౌండ్లకు దీన్ని కొన్నారని, ఏడో నిజాంకు కానుకగా ఇస్తే ఆయన మ్యూజియానికి అప్పగించారని చెబుతారు. రెండువేల ఏళ్లు దాటిన ఈ దేహానికి రాకుమారి నైషూ అన్న పేరు స్థిరపడింది. గాజుపెట్టె ముందు జనం గుమిగూడి ముఖం కోసం వెతుకుతారు. అందుకు బదులు బట్టను చూడాలి. నారతో నేసిన పట్టీలు ఒకదానిమీద ఒకటి ఎలా చుట్టుకున్నాయో, ఎక్కడ చిరిగి పోగులు తేలాయో, కాలానికి రంగు ఎలా తేనెరంగులోకి తిరిగిందో కనిపిస్తుంది. ఆ చిరుగులే సంరక్షకులకు దిగులు పుట్టించాయి. హైదరాబాద్ వానాకాలపు తేమ, గాలిలోని ప్రాణవాయువు, పురుగు, మూడూ నారబట్టకు శత్రువులు. అందుకే మమ్మీకి సీటీ స్కాన్ తీయించి ఎముకల స్థితి పరిశీలించి, ప్రాణవాయువు లేకుండా నైట్రోజన్ నింపిన పెట్టెలో భద్రపరిచారు. చచ్చిపోయిన మనిషిని నిలబెట్టడం ఈజిప్టువారి విద్య అయితే, దాన్ని దక్కను తేమలో నిలబెట్టడం ఇక్కడివారి విద్య. పిల్లలకు దెయ్యాల కథ చెప్పడం కంటే ఈ తేమ కథ చెబితే ఎక్కువ గుర్తుంటుంది.

రెండోది అజంతా చిత్రాల నకళ్లు. మహారాష్ట్రలోని అజంతా బొమ్మలు హైదరాబాద్ మ్యూజియంలో ఎందుకున్నాయన్న అనుమానం రావాలి. రాకపోతే చూడటం మొదలవలేదన్నమాట. అజంతా గుహలున్న ఔరంగాబాద్ ప్రాంతం ఆనాడు నిజాం రాజ్యంలో భాగం. నిజాం పురావస్తు శాఖకు అధిపతిగా పనిచేసిన గులాం యజ్దానీ ఆ గుహల సంరక్షణకు, వాటి చిత్రాలను గ్రంథాలుగా వెలువరించడానికి ఏళ్ల తరబడి పాటుపడ్డారు. అసలు గోడల మీద రంగులు రాలిపోతున్న కాలంలో నకళ్లు తీయించడం కూడా కాపాడే పనిలో భాగమే. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు విడిపోయాయి. గుహలు అటు పోయాయి, నకళ్లు ఇటు మిగిలాయి. ఈ గదిలో నిలబడినవారికి పాత హైదరాబాద్ రాజ్యం ఎంత దూరం పరుచుకుని ఉండేదో పటం లేకుండానే తెలిసిపోతుంది.

మూడోది నాణేలు. చిన్నవి కాబట్టి అందరూ దాటిపోయే గది ఇదే. శాతవాహనుల సీసపు నాణేల దగ్గర ఒక్క నిమిషం వంగి చూస్తే చాలు. వెండి బంగారాలు రాజుల గొప్ప చెబుతాయి. సీసం మాత్రం సంతలో కూరగాయలు కొన్న చేతుల గురించి చెబుతుంది. కరీంనగర్ ప్రాంతంలోని పెద్దబంకూరు, కోటిలింగాల వంటి ఊళ్ల తవ్వకాల్లో ఇలాంటి నాణేలు బయటపడటం వల్లనే శాతవాహనుల కథలో తెలంగాణకున్న చోటు స్పష్టమైంది.

బౌద్ధ శిల్పాలు, కాకతీయుల కాలపు నల్లరాతి విగ్రహాలు, కంచు బొమ్మలు, ఆయుధాలు, చేతిరాత ఖురాన్ ప్రతులు, ఇవన్నీ మిగిలే ఉంటాయి. వాటిని రెండో ప్రయాణానికి దాచుకోవడం తప్పు కాదు. మ్యూజియం ఎక్కడికీ పోదు.

పేటలోకి దిగడం

తోట నుంచి నాంపల్లి వైపు బయటికి రాగానే పేట మొదలవుతుంది. ఊరి పేరు వెనక ఒక వ్యక్తి ఉన్నాడంటారు. కుతుబ్‌షాహీల కొలువులో నేక్‌నామ్ ఖాన్ అన్న బిరుదున్న అధికారి పేరుమీద వెలిసిన పల్లె కాలక్రమంలో నాంపల్లి అయిందని చెప్పుకుంటారు. నేక్‌నామ్ అంటే మంచి పేరు. పారసీ మాటకు తెలుగు పల్లి తోడై నిలిచిన ఊరు ఇది. చుట్టుపక్కల పేర్లలో చాలావాటికి ఇదే పోలిక. లక్డీకాపూల్ అంటే కర్రవంతెన. వంతెన పోయింది, పేరు ఉండిపోయింది. పేర్లను ఇలా విప్పి చూడటం పేటను చదవడానికి ఖర్చులేని సాధనం.

ఈ దారిలోనే 1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి భవనం వస్తుంది. సాయంత్రాలు అక్కడి ఆడిటోరియంలో పుస్తకావిష్కరణలు, సాహిత్య సభలు జరగడం నగర సాహిత్యాభిమానులకు తెలిసిందే. కొంచెం ముందుకు పోతే నాంపల్లి స్టేషను. 1907లో కట్టిన ఈ స్టేషన్లో పట్టాలు ఆగిపోతాయి. ఇక్కడికి వచ్చిన రైలు ముందుకు పోదు, వెనక్కే తిరగాలి. మొదట్లో సరుకు రవాణాకే వాడిన ఈ స్టేషన్లో ప్రయాణికుల రైళ్లు 1921 నుంచి నడిచాయి. రైలు దిగిన బాటసారుల కోసం ఎదురుగా కట్టిన సరాయి పేరు సుల్హ్ సరాయి. సుల్హ్ అంటే సంధి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఒప్పందం కుదిరిన 1919లో కట్టడం వల్ల ఆ పేరు వచ్చింది. ఎక్కడో యూరప్‌లో సంతకమైన కాగితానికి నాంపల్లిలో ఒక సత్రం గుర్తుగా నిలిచింది.

అక్కడినుంచి యూసుఫైన్ దర్గా దగ్గరే. ఔరంగజేబు సైన్యంలో పనిచేసి, ఇక్కడే జీవితం ముగించిన యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా సమాధులు అందులో ఉన్నాయి. గురువారాల్లో హిందువులూ ముస్లింలూ కలిసి వస్తారు. పూలూ అగరొత్తులూ అమ్మే దుకాణాల మధ్య నడవడానికే చోటుండదు. రద్దీ ఇష్టం లేనివారు మరో రోజు రావాలి. దాని తర్వాత ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. నుమాయిష్ లేని రోజుల్లో బయటివారికి అది ఉత్త మైదానమే. లోపల ఎగ్జిబిషన్ సొసైటీ నడిపే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ వంటి విద్యాసంస్థలున్నాయి. తోటలో పుట్టిన ప్రదర్శన సంపాదనతో ఆడపిల్లల చదువు నడుస్తోందని తెలిస్తే పుట్టిల్లన్న మాటకు ఇంకో అర్థం చేరుతుంది.

నడిచే ఓపిక ఉన్నవారు మొజంజాహీ మార్కెట్ దాకా పోవాలి. గ్రానైట్ రాతితో, గడియారపు బురుజుతో 1935కు పూర్తయిన ఈ బజారుకు ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. తోటకు ఇంకో వైపు రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రికి ఆయన భార్య నిలోఫర్ పేరు. తన దగ్గర పనిచేసే యువతి కాన్పులో చనిపోవడం చూసి చలించిన నిలోఫర్ చొరవతో తల్లుల కోసం, పసివాళ్ల కోసం కట్టిన ఆసుపత్రి అది; 1953లో తెరిచారు. భర్త పేరు బజారుకు, భార్య పేరు ఆసుపత్రికి. తోట ఆ రెండిటి నడుమ ఉంది.

తిండి, విశ్రాంతి

మూడు నాలుగు గంటల నడక తర్వాత ఇరానీ చాయ్‌ని మించిన విశ్రాంతి ఈ పేటలో లేదు. నాంపల్లి, లక్డీకాపూల్ హోటళ్లలో చాయ్ పక్కన ఉస్మానియా బిస్కెట్ పెడతారు. కొంచెం ఉప్పగా, కొంచెం తియ్యగా ఉండే ఆ బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, విరిగిపడేలోపే నోట్లో వేసుకోవడం ఒక నేర్పు. మొజంజాహీ మార్కెట్‌లో చేత్తో చేసే పండ్ల ఐస్‌క్రీం దొరుకుతుంది. వేసవిలో మామిడి, చలికాలం మొదట్లో సీతాఫలం. దగ్గర్లోని కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు ఊరికి పట్టుకెళ్లేవాళ్లు చాలామంది. రంజాన్ నెలలో వస్తే సాయంత్రం హలీం బట్టీల ముందు వరసలుంటాయి. తోటలోపల తినేవారు కవర్లు, ప్లేట్లు వెనక్కి తీసుకుపోవాలి. తోట అందరిదీ అంటే ఊడ్చేది ఎవరో ఒకరని కాదు.

పిల్లలతో, పెద్దలతో

పిల్లలకు ఈ ప్రయాణాన్ని మూడు గంటలకు మించి సాగదీయకూడదు. గన్‌పార్క్, తోట, మమ్మీ చాలు, పేట ఇంకోసారి. వాళ్లకు ముందే ఒక పని అప్పగించాలి. ‘ఈ తోటలో ఒకప్పుడు సింహం ఉండేది, అది ఎక్కడుండి ఉంటుందో చోటు వెతుకు’ అంటే చాలు, తోటంతా వాళ్లే తిప్పుతారు. జవాబు సరైందా కాదా అన్నది ముఖ్యం కాదు. ఖాళీ స్థలంలో లేనిదాన్ని ఊహించడం చరిత్ర చదవడానికి తొలి మెట్టు.

పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు క్రమం తిరగేయాలి. వాళ్లకు మ్యూజియం మెట్లకంటే తోటలోని బెంచీ ఎక్కువ అవసరం. అక్కడ కూర్చోబెట్టి అడగాల్సింది ఒక్కటే: ‘మొదటిసారి ఇక్కడికి ఎప్పుడొచ్చారు?’ హైదరాబాద్‌లో పెరిగిన డెబ్భై ఎనభై ఏళ్లవారిలో ఎవరో ఒకరికి ఇక్కడి జూ గుర్తుంటుంది, ఇంకొకరికి బాలభవన్‌లో మొదటి బహుమతి గుర్తుంటుంది. ఆ మాటలు ఏ ఫలకం మీదా రాసి ఉండవు. వీలైతే అప్పుడే ఫోన్లో రికార్డు చేయాలి.

అభ్యాసం

ఇంటికి చేరిన రాత్రే చేయవలసిన పనులు మూడు. మొదటిది, చూసి వచ్చిన ఒక్కో భవనానికి ఒక్కో వాక్యం రాయడం: ముందు ఏమిటి, ఇప్పుడు ఏమిటి. రాయలేకపోయిన చోట ప్రయాణం మిగిలి ఉందని అర్థం. రెండోది, ఆ రోజు కొత్తగా విన్న ఊరి పేరు లేదా వీధి పేరు ఒకటి తీసుకుని దాని అర్థం కనుక్కోవడం. మూడోది, తాము ఉండే చోటికి దగ్గర్లో ఉన్న పాత పార్కు, చెరువుగట్టు, సంత మైదానం, ఏదో ఒకదాన్ని ఎంచుకుని వచ్చే నెలలో ఇదే పద్ధతిలో చూడటానికి తేదీ వేసుకోవడం.

ఈ మూడింటిలో మూడోదే కష్టం, మూడోదే ముఖ్యం. బాగే ఆమ్ గురించి రాసినవారు ఇప్పటికే చాలామంది ఉన్నారు. సొంత ఊరి సంత మైదానం గురించి రాయడానికి ఆ ఊరివాళ్లే కావాలి.